పెట్ట ఉన్నట్టుండి డల్ అయితే ముందు మందా, ముందు పరీక్షా?

ఆరుపెట్టలు
నమస్తే అందరికీ. నా దగ్గర గుడ్లు పెట్టే పెట్టలు ఆరున్నాయి. వాటిలో ఎర్రది, రెండేళ్లు దాటింది, నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగింది. ఈ పొద్దున గూడు తలుపు తీస్తే మిగతా ఐదూ తోసుకుంటూ బయటికొచ్చాయి, ఇది మాత్రం మూలన ఈకలు ఉబ్బించుకుని, తోక వాల్చేసి, కళ్లు సగం మూసుకుని నిలబడి ఉంది. గింజలు ముందు పోస్తే ఒకటి ముక్కుతో కరుచుకుని మళ్లీ వదిలేసింది. జుట్టు కూడా పాలిపోయినట్టుంది, పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. ఇంట్లో పాత యాంటీబయాటిక్ పొడి ప్యాకెట్ ఒకటుంది. ఆరింటికీ నీళ్లలో కలిపి పెట్టేయమని అన్నయ్య అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అలాగని పోయినేడు ఒకదాన్ని చూద్దాం చూద్దాం అంటూనే పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇంకా పోలేదు. మీరైతే ఏం చేస్తారు? వెంటనే మందు వేస్తారా, ఏం జబ్బో తేలేదాకా ఆగుతారా?

గంపకిందకోడి
ఆగొద్దు. కోడి జబ్బు బయటికి చూపించిందంటే లోపల అప్పటికే ముదిరిందని అర్థం. నీరసంగా కనిపిస్తే తోటి కోళ్లే పొడుస్తాయి, అందుకే చివరిదాకా దాచుకుంటుంది. నా దగ్గర ఒకసారి రాత్రి బాగున్న పెట్ట తెల్లారేసరికి గూట్లో చచ్చి పడి ఉంది, మధ్యాహ్నానికి ఇంకొకటి. దాని గడ్డం కింద వేలాడే తమ్మెలు రెండూ వాచి నల్లబడిపోయాయి. డాక్టర్ చూసి కోళ్ల కలరా అన్నారు. పాస్చురెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, పాశ్చర్ 1880 ప్రాంతంలో వ్యాక్సిన్ మీద పనిచేసింది ఈ జబ్బుతోనే, ఆయన పేరే దానికి పెట్టారు. మేము ఆ పూటే మందు మొదలుపెట్టాం కాబట్టి మిగతా తొమ్మిదీ దక్కాయి. టెస్టులంటూ ఇంకో రెండు రోజులు తిరిగుంటే గూడు ఖాళీ అయ్యేది. మీ అన్నయ్య చెప్పిందే రైటు.

గూటితలుపు
గంపకిందకోడి గారూ, కలరాలో పూట పూటా లెక్కే, అది ఒప్పుకుంటాను. కానీ మీకు కూడా డాక్టర్ చూసి పేరు చెప్పాకే కదా మందు పడింది. ఈవిడ దగ్గర పేరు లేదు, పాత ప్యాకెట్ మాత్రమే ఉంది.

ఆరుపెట్టలు గారూ, ఆ పెట్టను ముందు మిగతావాటి నుంచి వేరు చేసి, వెచ్చగా, చీకటిగా ఉండే పెట్టెలో పెట్టండి. ఒళ్లు కాలుతోందని టెన్షన్ పడకండి, కోడి మామూలు వేడే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ జ్వరంలాగే తగులుతుంది. తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని పది నిమిషాలు తీరిగ్గా తడిమి చూడండి. రొమ్ము ఎముకకి రెండు పక్కలా కండ నిండుగా ఉంటే జబ్బు కొత్తది. ఎముక కత్తి అంచులా వేలికి గుచ్చుకుంటే మాత్రం ఇది రాత్రికి రాత్రి వచ్చింది కాదు, వారాల తరబడి కండ కరిగిపోతున్నా ఈకల చాటున మనకి కనబడలేదంతే. మెడ కింద మేత సంచి పొద్దున్నే, ఏమీ తినకముందు, ఖాళీగా ఉండాలి. గట్టి ఉండలా తగిలితే గడ్డి చిక్కుకుంది, నీళ్ల సంచిలా కదులుతూ నోట్లోంచి పులిసిన వాసన వస్తే లోపల ఫంగస్ పెరిగింది, దానికి యాంటీబయాటిక్ వేస్తే ఆ ఫంగస్‌కి అడ్డు లేకుండా పోతుంది. జుట్టు పాలిపోయిందన్నారు కాబట్టి రాత్రి టార్చి పట్టుకుని గూట్లో అవి కూర్చునే కర్ర సందుల్లో చూడండి, ఎర్ర గోమార్లు పగలంతా అక్కడ దాక్కుని రాత్రి కోడి మీదికెక్కి రక్తం తాగుతాయి. ఆఖరికి తోక కింద, రెండు కాళ్ల మధ్య పొట్ట. మెత్తగా ఉందా, గట్టిగా గుడ్డు తగులుతోందా, నీళ్లు నిండినట్టుందా?

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, నా తెల్లపెట్ట ఒకటి సరిగ్గా మీరు చెప్పినట్టే తోక వాల్చి నిలబడితే నేనూ అందరిలాగే మందు నీళ్లు పెట్టాను. అది ఒక్క చుక్క తాగలేదు. జబ్బుకోడి తాగదండీ, బాగున్నవి తాగుతాయి! రోజంతా గడిచాక చూస్తే లోపల గుడ్డు అడ్డుపడి ఉంది. గోరువెచ్చటి నీళ్ల టబ్‌లో పొట్ట మునిగేలా అరగంట కూర్చోబెట్టి, నోటికి కాల్షియం పట్టించి, చీకట్లో వదిలేస్తే రెండు గంటల తర్వాత పెంకు గరుకుగా ఉన్న గుడ్డు ఒకటి బయటపడింది. ఆ రోజంతా దాన్ని నేను ఊరికే నొప్పిలో ఉంచాను.

గంపకిందకోడి
మీరు చెప్పిన పరీక్ష బాగుంది, నేను కూడా చేస్తాను. కానీ పది నిమిషాలు తడిమితే అన్నీ తెలిసిపోతాయా? డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి అని తేలిగ్గా అంటారు, ఒక్క కోడిని పట్టుకెళ్తే చాలామంది సీరియస్‌గా తీసుకోరు. నన్ను ఒకచోట, కోడే కదా, కోసేయండి అని పంపించేశారు. పేరు పెట్టి పెంచుకున్న దాన్ని అలా అంటే ఎంత బాధేస్తుందో. ఆదివారం రాత్రి పెట్ట నీ చేతిలో తల వాల్చేస్తుంటే చేతిలో ఉన్న మందే దిక్కు. తప్పు మందైనా పడితే పోయేదేముంది?

గుడ్డుపెంకు
పోయేది ఉంది. గుడ్డులో పచ్చసొన పెద్దదయ్యేది చివరి పది రోజుల్లోనే. ఈ రోజు కోడికి వేసిన మందు, లోపల వరసలో ఉన్న సొనలన్నిటిలోకీ చేరుతుంది, మందు ఆపేశాక కూడా ఆ గుడ్లు ఒక్కొక్కటే బయటికొస్తూనే ఉంటాయి. ఆరింటికీ కలిపితే ఆరింటి గుడ్లూ పారేయాలి, ఎన్నాళ్లో మందును బట్టి ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు తినే గుడ్లు కదా. ఇంకోటి, అర డోసు, మూడు రోజులేసి ఆపేయడం, ఇలా వాడితేనే మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని అమెరికాలో 2005లో కోళ్లకు వాడకుండా ఆపేసింది ఇందుకే, కోళ్ల నుంచి మనుషులకి అంటుకునే క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఆ రకం మందులకి లొంగడం మానేసింది.

మీ ప్యాకెట్ టెట్రాసైక్లిన్ రకమైతే ఇది కూడా చూసుకోండి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం ఎక్కువ, పైగా ఆల్చిప్పల గుల్ల విడిగా పెడతాం. కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుంది, ఒంటికి సరిగా ఎక్కదు.

మైక్రోస్కోపు
నేను కోళ్ల రెట్టలు పరీక్ష చేసే పనిలో ఉన్నాను, కాబట్టి రెట్ట గురించి చెబుతాను. మామూలు రెట్ట గట్టిగా, పైన తెల్ల టోపీతో ఉంటుంది. రోజుకి కొన్నిసార్లు జిగటగా, ముదురు గోధుమ రంగులో కంపుకొట్టేది వేస్తుంది, అది కూడా మామూలే, చాలామంది దాన్ని విరేచనం అనుకుని మందు వేసేస్తారు. ముదురాకుపచ్చ రెట్ట అంటే తిండి తినడం లేదు, పైత్యం ఒక్కటే దిగుతోంది. రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్ అనుమానించాలి, అది బ్యాక్టీరియా కాదు, ఏకకణ జీవి, దానికి ఆంప్రోలియం లాంటి వేరే మందులున్నాయి. ఎక్కువగా కోడిపిల్లలకీ పడుచు కోళ్లకీ వస్తుంది, రెండేళ్ల పెట్టకి తక్కువ. కాస్త తాజా రెట్ట శుభ్రమైన డబ్బాలో తెస్తే పురుగులు, కాక్సిడియా ఉన్నాయో లేదో ఆ రోజే చెప్పేయొచ్చు. కోడిని మోసుకురావాల్సిన పని కూడా లేదు.

నేనైతే ముందు అడిగేది ఎన్ని కోళ్లకి అని. ఒక్కదానికే వచ్చి మిగతావి చలాకీగా ఉంటే చాలాసార్లు అది ఆ కోడి ఒంట్లోని సమస్యే, గుడ్డు సంచి, కాలేయం, మేత సంచి, అలాంటివి. అప్పుడు ఆరింటికీ మందు కలపడానికి కారణమే లేదు. ఒకటి తర్వాత ఒకటి పడిపోతుంటే గంపకిందకోడి గారి తొందర సరైనదే, కానీ ఆ తొందర డాక్టర్‌కి ఫోన్ చేయడంలో ఉండాలి. ఎందుకంటే అలా గుంపుగా చంపే జబ్బుల్లో కొక్కెర తెగులు ఉంది, బర్డ్ ఫ్లూ ఉంది, రెండూ వైరస్‌లు, యాంటీబయాటిక్ వాటిని తాకదు. మెడ మెలితిరగడం, ఆకుపచ్చ విరేచనం, తల వాపు, ఉన్నట్టుండి వరసగా చావులు, ఇవి చూస్తే కోళ్లని ఎవరికీ ఇవ్వకండి, చచ్చినవాటిని ఉత్త చేతులతో ముట్టుకోకండి, అధికారులకి చెప్పండి.

ఒకవేళ పోతే పాతిపెట్టే ముందు ఆలోచించండి. శవాన్ని కవర్లో చుట్టి ఐస్ మీదో ఫ్రిజ్‌లోనో పెట్టి మర్నాటికల్లా తీసుకురండి, గడ్డకట్టే చోట మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే లోపలి అవయవాలు దెబ్బతిని ఏమీ తెలియదు. శవాన్ని కోసి చూసే ఆ పరీక్ష బతికున్నవాటికి చేసే మేలు ఏ ప్యాకెట్టూ చేయదు.

గంపకిందకోడి
సరే, ఒక్కదానికే అయితే ఆరింటికీ కలపొద్దన్నది ఒప్పుకుంటున్నాను. ఆ ఒక్కదానికి మాత్రం వేయొద్దంటే నా వల్ల కాదు.

ఆరుపెట్టలు
మూడు రోజులుగా రాయలేకపోయాను, ఏమనుకోకండి. మీరు చెప్పినట్టే ఆ రోజు ఒళ్లో పెట్టుకుని చూశాను. రొమ్ము ఎముక నిజంగానే కత్తిలా ఉంది. పొట్ట మాత్రం నీళ్లు నింపిన బెలూన్‌లా కిందికి జారి, వేడిగా, బిగుసుకుని ఉంది, గుడ్డు తగల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నెలక్రితం గూట్లో పెంకు లేని తోలు గుడ్డు రెండుసార్లు కనిపిస్తే ఎవరు పెట్టారో కూడా చూడకుండా తీసి పారేశాను. సాయంత్రానికి డాక్టర్ దొరికారు. సొన గుడ్డు సంచిలో పడకుండా పొట్టలోకి జారిపోయి అక్కడే చీముపట్టిందన్నారు. రాత్రికి పోయింది. ఐస్ మీద పెట్టి పొద్దున్నే తీసుకెళ్లాను. కోసి చూపించారు, లోపలంతా పసుపు నీళ్లు, ఉడికిన సొనలాంటి ముద్దలు. నాకు చూడబుద్ధి కాలేదు గానీ చూశాను.

గంపకిందకోడి
చాలా బాధగా ఉందండీ. అడక్కూడదేమో గానీ, అది ఎక్కువగా ఈ.కోలై బ్యాక్టీరియాతో వచ్చే చీమే కదా. మొదటి గంటలో మందు పడుంటే?

ఆరుపెట్టలు
నేనూ అదే అడిగాను. నెలక్రితం, తోలు గుడ్లు కనిపించినప్పుడు పట్టుకుని సరైన మందు వేసుంటే కొన్నిసార్లు నిలుస్తాయట, అదీ కొన్నాళ్లే, ఎందుకంటే తర్వాతి సొన మళ్లీ అక్కడే పడుతుంది. ఆ పొద్దున ఏం వేసినా ఆలస్యమే అన్నారు. మీ మీద కోపం లేదండీ, పోయినేడు నేను కూడా మీలాగే అనుకున్నాను.

మిగతా ఐదూ బాగున్నాయి. వాటికి ఏమీ కలపలేదు. నిన్న రాత్రి అవి కర్ర మీద కూర్చున్నాక ఒక్కొక్కదాన్నీ తీసి తూకం వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను, రొమ్ము ఎముక కూడా తడిమాను. నల్లమచ్చలదానికి మిగతావాటి కంటే కండ కాస్త తక్కువ అనిపించింది. 1,480 గ్రాములుంది. గూటితలుపు గారూ, వారం తర్వాత మళ్లీ తూకం వేస్తే ఎంత తగ్గితే కంగారు పడాలి?

గూటితలుపు
వారం ఆగొద్దు, మూడు రోజులకోసారి, ప్రతిసారీ ఒకే టైముకి తూకం వేయండి. పొద్దున్నే, మేత వేయకముందు. రేపు దాని రెట్ట కాస్త డబ్బాలో తీసి పరీక్షకి పంపండి, పురుగులుంటే దానికి తగ్గ మందే వేద్దాం.