మద్రాసు కౌన్సిల్ పాత వాల్యూములు చదువుతున్నా, ఇన్ని ప్రశ్నలు అడిగి ఏం సాధించారంటారు?

పాతపుస్తకాల_పిచ్చి:
అందరికీ నమస్తే. ఓ నెల నుంచి 1920ల నాటి మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్ ప్రొసీడింగ్స్ స్కాన్లు చదువుతున్నా. మా తాలూకా గురించి ఏమన్నా దొరుకుతుందేమోనని మొదలెట్టా, ఇప్పుడు తాలూకా సంగతి మర్చిపోయి ఊరికే చదువుతూనే ఉన్నా. కౌన్సిల్ అంటే భీకరమైన ఉపన్యాసాలు ఉంటాయనుకున్నా గానీ ఏ రోజు తీసినా ముందు పేజీలకి పేజీలు ప్రశ్నలే. నెంబరు, పక్కన చుక్క, మెంబరు పేరు, తర్వాత (ఎ) ఫలానా రోడ్డు పాడైన మాట నిజమేనా, (బి) నిజమైతే ఎప్పుడు బాగుచేస్తారు, (సి) చెయ్యకపోతే కారణమేంటి. జవాబు ఒక్క లైను, ప్రభుత్వం దగ్గర సమాచారం లేదు. లేదంటే (ఎ) కాదు, (బి), (సి) ఉత్పన్నం కావు. ఆ ఉత్పన్నం కాదు అన్న ముక్క ఇప్పటి మన అసెంబ్లీలో కూడా వింటున్నాం కదా, అప్పట్నించే ఉందన్నమాట 😀

ఇంకోటి, బడ్జెట్ అప్పుడు లక్షల రూపాయల పద్దు మీద ఎవరో లేచి ఇందులో నూరు రూపాయలు తగ్గించాలి అంటాడు, దాని మీద గంటసేపు వాదన. నూరు రూపాయలకి అంత గొడవేంటి? అసలు వీళ్ళకి పవర్ ఉండేదా, లేక తెల్లదొరల ముందు నాటకమా?

రికార్డురూం_బాబాయ్:
ముందు నూరు రూపాయల సంగతి చెప్తా. అది డబ్బు మిగల్చడానికి కాదు బాబూ, ఆ శాఖ మీద మాట్లాడటానికి దారి. ఊరికే లేచి పోలీసుల్ని తిడతానంటే సభ నడిపే ప్రెసిడెంటు కూర్చోమంటాడు, అదే పోలీసు పద్దులో నూరు రూపాయలు కొయ్యాలని తీర్మానం ఇస్తే ఆ పద్దు కిందకొచ్చే ప్రతీదీ మాట్లాడొచ్చు. అంతా మాట్లాడేశాక చివర్లో చాలామంది తీర్మానం వెనక్కి తీసుకుంటారు, చూడు కావాలంటే. తీసుకోకుండా ఓటింగు దాకా వెళ్ళిందంటే ఆ రోజు కోపం గట్టిదే అని లెక్క.

ఇక ప్రశ్నలు. నీకిప్పుడు విసుగ్గా ఉందిగానీ ఆ ప్రశ్న అడిగే హక్కు రావడానికే ముప్పై ఏళ్ళు పట్టింది. 1861 చట్టంతో మద్రాసుకి శాసనాలు చేసే కౌన్సిల్ ఇచ్చారు గానీ అందులో ముందున్న బిల్లు తప్ప ఇంకో మాట ఎత్తకూడదు. గాజుల లక్ష్మీనరసు చెట్టి ఉన్నాడే, మన తెలుగు వర్తకుడు, క్రెసెంట్ పత్రిక నడిపి, పన్ను వసూలు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని లండన్ దాకా వినిపించినాయన, ఆయన్ని 1863లో కౌన్సిల్‌కి నామినేట్ చేశారు. బయట ఉన్నప్పుడు పిటిషన్లతో గవర్నమెంటుని గడగడలాడించినాయన, లోపలికొచ్చాక ఒక్క ప్రశ్న అడగడానికి రూలు లేదు! 1892లో ప్రశ్న అడగొచ్చు, బడ్జెట్ మీద మాట్లాడొచ్చు అన్నారు, ఓటు మాత్రం లేదు. 1909లో మింటో మార్లే వాళ్ళు అనుబంధ ప్రశ్న, తీర్మానం ఇచ్చారు. ఆ అనుబంధ ప్రశ్నలోనే ఉంది మజా అంతా, మొదటి జవాబు సెక్రటరీలు రాసిస్తారు, రెండోదానికి మనిషి సొంతంగా నోరు తెరవాలి. నువ్వు చదివేది 1919 చట్టం తర్వాతి కౌన్సిల్, 132 మందిలో 98 మంది ఎన్నికైనవాళ్ళు. ఎన్నికంటే అందరికీ కాదులే, పన్ను కట్టేవాళ్ళకీ ఆస్తి ఉన్నవాళ్ళకీ.

గోదావరి_లంక:
బాబాయ్ గారు అంత పొగడక్కర్లేదేమో. ద్వంద్వ పాలన అని పుస్తకాల్లో చదువుకున్నాం కదా, దాని అసలు రంగు ఏంటంటే చదువు, ఆసుపత్రులు, లోకల్ బోర్డులు, సారా ఇవి మంత్రులకి, పోలీసు, శిస్తు, కాలవలు, ఖజానా ఇవి గవర్నర్ మనుషులకి. బడి కట్టమని మంత్రిని అడగాలి, డబ్బు మాత్రం ఫైనాన్స్ మెంబర్ దగ్గర. తిట్లు మంత్రికి తాళాలు వాళ్ళకి. పైగా రిజర్వుడు పద్దులో, అంటే ఆ గవర్నర్ మనుషుల చేతిలోని శాఖల పద్దులో, మీరు నూరు కాదు లక్ష కోసినా, ఇది అవసరం అని గవర్నర్ ఓ సంతకం పెడితే మళ్ళీ యథాస్థానం.

అడవులు చూడండి, బొంబాయిలో మంత్రి కిందకి ఇచ్చారు, మద్రాసులో ఇవ్వలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం కూడా ఆ పాత కౌన్సిల్ పాస్ చేసిందే, అప్పుడు అందులో పోడు కొట్టుకునేవాడి తరఫున ఒక్కడన్నా ఉన్నాడా? 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్ మీద అల్లూరి దాడి చేసేనాటికి మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఎన్నికైన కౌన్సిల్ కూర్చునే ఉంది మరి.

పాతపుస్తకాల_పిచ్చి:
థాంక్స్ ఇద్దరికీ, ఇప్పుడు నూరు రూపాయలు అర్థమైంది. మరి గుమాస్తాల్లో బ్రాహ్మలెందరు, బ్రాహ్మణేతరులెందరు అని ప్రతి ఆఫీసు గురించీ అడుగుతారేంటి? జవాబు పట్టిక టేబుల్ మీద పెట్టాం అంటారు, అది వెతుక్కోవడానికి వాల్యూము చివర అపెండిక్సుకి పరిగెత్తాలి, కళ్ళు పోతున్నాయి.

రికార్డురూం_బాబాయ్:
అది జస్టిస్ పార్టీ, అంటే బ్రాహ్మణేతరుల పార్టీ, కాలం కదా. 1921లో మొదటి కమ్యూనల్ జీవో వచ్చింది, ఉద్యోగాలు అన్ని వర్గాలకీ పంచాలని. జీవో రాసినంత మాత్రాన ఆఫీసులో కుర్చీలు కదలవు కదా, అందుకని మెంబర్లు అంకెలు అడుగుతూనే ఉంటారు. నా ఉద్యోగం పాతికేళ్ళు ఇలాంటి స్టేట్‌మెంట్లు తయారుచెయ్యడంతోనే గడిచింది కాబట్టి చెప్తున్నా, పైనించి అంకె అడిగారంటే కింద ఆఫీసులో వణుకు పుడుతుంది, జవాబు ఒక్క లైనే ఉండొచ్చు గానీ దాని కోసం తాసిల్దారు దాకా కాగితం వెళ్ళొస్తుంది. గోదావరి గారూ, మీరన్నది కాదనను, తాళాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. కానీ పెట్టెలో ఏముందో బయటికి చెప్పించింది ఈ ప్రశ్నలే.

సీమబిడ్డ:
ఆంధ్ర యూనివర్సిటీ బిల్లు చదవండి బ్రదర్, బోరు కొట్టదు. చట్టం 1926లో అయింది, విద్యామంత్రి పాత్రో హయాంలో. యూనివర్సిటీ కావాలన్నదాని మీద కాదు, ఎక్కడ పెట్టాలన్నదాని మీదే అసలు కొట్లాట. ముందు బెజవాడలో మొదలెట్టి తర్వాత వాల్తేరుకి మార్చారు. మా వైపోళ్ళు మాకేం ఒరిగింది అని అప్పుడే అలిగారు, 1937లో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దాకా ఆ అలక పోలేదు, ఇప్పుడు పోయిందా అని అడక్కండి 🙂

గుళ్ళ ఆస్తుల అజమాయిషీకి తెచ్చిన దేవాదాయ బిల్లు కూడా అంతే, అప్పటి ముఖ్యమంత్రి పానగల్ రాజా 1922లో తెస్తే 1925కి గానీ చట్టం కాలేదు, దాని చెల్లుబాటు మీద గొడవొచ్చి 1927లో మళ్ళీ చెయ్యాల్సొచ్చింది. సెలెక్ట్ కమిటీ, సవరణలు, క్లాజు క్లాజుకీ ఓటు, పైన వైస్రాయి ఆమోదం, అన్నీ దాటాలి.

గోదావరి_లంక:
అన్నట్టు నాటకమా అన్నారు కదా, 1923 నవంబరు వాల్యూము దొరికితే తీయండి. కట్టమంచి రామలింగారెడ్డి గారు పానగల్ మంత్రివర్గం మీద అవిశ్వాసం పెట్టారు, అవిశ్వాసానికి 44, వ్యతిరేకంగా 65 ఓట్లు, వీగిపోయింది. ఇద్దరూ చిత్తూరు వైపోళ్ళే, ఒకప్పుడు ఒకే పార్టీ. పాపం నాటకమైనా ఆడినవాళ్ళు మాత్రం సీరియస్‌గానే ఆడారు.

పాతపుస్తకాల_పిచ్చి:
అది నా దగ్గరుంది!! రేపు సెలవే, ప్రశ్నలు దాటేసి డైరెక్టుగా అక్కడికే పోతా. దాటేయొద్దు అంటారా బాబాయ్?

రికార్డురూం_బాబాయ్:
దాటేయ్ పర్లేదు. అపెండిక్సు మాత్రం చూడు, మీ తాలూకా ఉంటే అక్కడే ఉంటుంది.