నిలిపి ఉంచిన కారును గుద్ది వెళ్లిపోయారు: క్లెయిమ్ పెట్టాలా, సొంత ఖర్చుతో బాగు చేయించుకోవాలా?

ప్రశ్న: ఆదివారం ఉదయం కూకట్‌పల్లి రైతు బజారు పక్క సందులో కారు నిలిపి, అరగంటలో కూరగాయలు కొనుక్కుని తిరిగి వచ్చేసరికి ఎడమవైపు వెనుక తలుపు సొట్టపోయి, బంపరు మీద జానెడు పొడవున పసుపు రంగు గీత పడి ఉంది. గుద్దినవారు చీటీ అయినా పెట్టకుండా వెళ్లిపోయారు. కారు 1,200 సీసీది, నాలుగేళ్లు నిండాయి, ఇంతవరకు ఒక్క క్లెయిమూ లేదు. సమగ్ర బీమా ఉంది కానీ జీరో డెప్ (తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే అదనపు రక్షణ) తీసుకోలేదు. తెలిసిన మెకానిక్ డెంటింగుకు 1,500, పెయింటింగుకు 5,000 రూపాయలు అడుగుతున్నాడు. మరోచోట సర్వీస్ అడ్వైజరు, "గోడకు తగిలిందని రాసివ్వండి సార్, క్లెయిమ్ తేలికగా అయిపోతుంది" అన్నారు. పోలీసులకు చెప్పవలసి ఉంటుందా?

మొదటి జవాబు: ముందుగా ఆ సందులోని దుకాణాలవారిని సీసీ కెమెరా దృశ్యాల కోసం ఈరోజే అడగండి; కొన్ని రోజులకు పాతవాటి మీద కొత్తవి రికార్డయిపోతాయి. గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, ఆ టేపు కూడా కనిపించేలా ఫొటో తీయండి. పసుపు రంగును బట్టి ట్రాలీ ఆటో కావచ్చునని నా అనుమానం. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, ఇతరుల ఆస్తికి నష్టం చేసిన డ్రైవరు అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటలలోగా స్టేషనుకు వెళ్లి చెప్పాలి. కాబట్టి బండి నంబరు దొరికితే ఫిర్యాదు ఇవ్వడం మీ హక్కు. దొరకకపోయినా, స్టేషనులో రాతపూర్వకంగా ఇచ్చి జనరల్ డైరీలో (స్టేషను రోజువారీ రికార్డులో) నమోదు చేయించుకుంటే, తరువాత క్లెయిమ్ పెట్టవలసి వచ్చినప్పుడు అది ఆధారంగా పనికివస్తుంది. హిట్ అండ్ రన్ పరిహారం వస్తుందని కొందరు చెబుతుంటారు. అది మరణానికీ తీవ్ర గాయాలకూ ఇచ్చేదే తప్ప కారు సొట్టలకు కాదు.

రెండవ జవాబు: గోడకు తగిలిందని మాత్రం దయచేసి రాయకండి. నిలిపి ఉన్న కారును గుర్తు తెలియని వాహనం గుద్దినా మీ సొంత నష్టపు బీమా వర్తిస్తుంది, అబద్ధంతో పనే లేదు. సర్వేయరు (నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపేవారు) ఆ పసుపు రంగు చూసి గోడ ఏ రంగులో ఉందని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు, పైగా క్లెయిమ్ తిరస్కరించడానికి వారికి కారణం దొరుకుతుంది.

ఇక లెక్కకు వద్దాం. మొత్తం బిల్లు 6,500. పెయింటింగులో నాలుగో వంతును, అంటే 1,250 రూపాయలను, రంగు సామగ్రి విలువగా తీసుకుని అందులో సగం, 625 రూపాయలు, తరుగుగా కోస్తారు. 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు తప్పనిసరి మినహాయింపు, అంటే క్లెయిమ్‌లో మీరే భరించవలసిన మొత్తం, మరో 1,000. మీ చేతికి వచ్చేది సుమారు 4,875. మీకు ఇప్పుడు 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు సొంత నష్టపు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నడుస్తూ ఉండాలి, ఈ ఏడాదీ క్లెయిమ్ లేకపోతే అది 50 అవుతుంది. బోనస్ తగ్గించకముందు సొంత నష్టపు ప్రీమియం 9,000 అనుకుందాం. క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు బోనస్ సున్నా అయి 4,500, ఆ మరుసటి ఏడు 50కి బదులు 20 శాతమే వచ్చి 2,700 పోతాయి. రెండేళ్లలోనే 7,200 నష్టం, క్లెయిమ్‌లో వచ్చే 4,875 కంటే ఎక్కువ; కాబట్టి సొంత ఖర్చుతో చేయించుకోవడమే మేలు. క్లెయిమ్ పెట్టినా బోనస్ పోకుండా చూసే బోనస్ రక్షణ యాడ్-ఆన్ ఉంటే లెక్క మారుతుంది, పాలసీ పత్రం ఒకసారి చూడండి. క్లెయిమ్ పెట్టాలనే నిశ్చయించుకుంటే, బీమా కంపెనీకి తెలియజేసి సర్వేయరు చూసేదాకా కారుకు ఏ మరమ్మతూ చేయించకండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఎదురుగా ఉన్న మందుల షాపు కెమెరాలో ట్రాలీ ఆటో వెనక్కి వస్తూ తగలడం కనిపించింది కానీ నంబరు ప్లేటు మీద గోనెసంచి వేలాడుతోంది. బోనస్ రక్షణ కూడా లేదు కాబట్టి సొంతంగానే చేయించుకుంటాను. తలుపు అంచున రంగు లేచి రేకు కనిపిస్తోంది, నెలాఖరు దాకా ఆగవచ్చా?

రెండవ జవాబు ఇచ్చినవారు: రేకు బయటపడితే ఈ వానలకు తుప్పు పడుతుంది, తలుపు పని ఆలస్యం చేయకండి. బంపరు ప్లాస్టిక్ కాబట్టి తొందర లేదు. ఆ గీత మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు పట్టుకోకపోతే అది ఆటో రంగు అంటుకోవడమే, థిన్నర్ పూయకుండా రబ్బింగ్ కాంపౌండుతో మెల్లగా తుడవండి.

ప్రశ్న అడిగినవారు: తుడిచాను, గీతలో ముప్పాతిక భాగం పోయింది. మెకానిక్ బంపరు పెయింటింగ్ తీసేసి, తలుపు వరకే 4,000కు చేస్తానన్నాడు. కారు రేపు ఇస్తున్నాను.