వీట్లీ ఇళ్ల చట్టం పేదలకు నిజంగా పనికొచ్చిందా?

పాతపుటలు:
మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఇళ్ల కొరత మాటెత్తితే అందరూ 1919 నాటి అడిసన్ చట్టం (ప్రభుత్వ సాయంతో కౌన్సిళ్లు, అంటే స్థానిక సంస్థలు, ఇళ్లు కట్టాలన్న చట్టం) దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే అసలు పని చేసింది 1924లో జాన్ వీట్లీ తెచ్చిన చట్టం. ఆయన గ్లాస్గోలోని షెటిల్‌స్టన్ ఎంపీ, తొలి లేబర్ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి. గని కార్మికుల ఒంటిగది ఇంట్లో పెరిగినవాడు. కౌన్సిళ్లు కట్టి అద్దెకిచ్చే ఒక్కో ఇంటికి ఏడాదికి 9 పౌండ్ల చొప్పున 40 ఏళ్ల పాటు ప్రభుత్వ సాయం ఖాయం చేశాడు. 1933లో ఆ సాయం ఆపేసేలోగా 5 లక్షలకు పైగా ఇళ్లు లేచాయి. ఇంతకంటే ఏం కావాలి?

లెక్కలమాస్టారు:
ఇళ్లు లేచాయండీ, కాదనను. వాటిలో ఎవరు చేరారో కూడా చూడాలి కదా. గ్లాస్గోలో ఈ సాయంతో కట్టిన నైట్స్‌వుడ్ అనే పేట తీసుకోండి. తోటలున్న చక్కటి ఇళ్లు. సాయం పోగా మిగిలిన అద్దె కూడా నికరమైన జీతం ఉన్నవాడే కట్టగలడు. రేవులో ఏ రోజు పని దొరుకుతుందో తెలియని కూలీ అక్కడికి ఎలా వెళ్తాడు? మెట్ల దగ్గర ఉన్న ఒకే మరుగుదొడ్డిని నాలుగైదు కుటుంబాలు వాడుకునే పాత ఒంటిగదుల్లోనే ఉండిపోయాడు.

గోదారిగట్టు:
పైవాళ్లు ఖాళీ చేసిన పాత ఇళ్లు కిందివాళ్లకు దొరుకుతాయి కదా సార్?

లెక్కలమాస్టారు:
దొరికినా అవే పాత గదులు, అవే మెట్లు. దాన్ని మేలు అనలేం.

పాతపుటలు:
అద్దె భారమే, నిజం. కానీ దానికి వీట్లీని తప్పుపట్టడం అన్యాయం. మెజారిటీ లేని ప్రభుత్వం, ఏడాది కూడా నిలవలేదు. సిమెంటు, ఇటుకల ధరలకు కళ్లెం వేసే బిల్లు కూడా ఆయన పెట్టాడు, ప్రభుత్వంతో పాటే అదీ పోయింది. యుద్ధం తర్వాత తాపీ మేస్త్రీల కరువు ఎంత ఉండేదో మర్చిపోకండి. యూనియన్లనూ కాంట్రాక్టర్లనూ ఒకచోట కూర్చోబెట్టి, 15 ఏళ్ల పాటు పని ఉంటుందని హామీ ఇచ్చి, పని నేర్చుకునే కుర్రాళ్లను ఎక్కువమందిని తీసుకునేలా ఒప్పించాడు. అది లేకపోతే ఎంత డబ్బు పోసినా గోడ లేవదు. తర్వాత వచ్చిన కన్జర్వేటివ్ మంత్రి నెవిల్ చాంబర్లెన్ కూడా ఈ చట్టాన్ని రద్దు చేయలేదు.

లెక్కలమాస్టారు:
ఆ ఒప్పందం గొప్పదేనండీ. నా అభ్యంతరం వేరు. సాయాన్ని ఇంటికి కట్టారు, అందులో ఉండేవాడి ఆదాయానికి కాదు. పేద కుటుంబాలకు అద్దె తగ్గించే వీలు తర్వాత వచ్చిన 1930 ఇళ్ల చట్టంలో ఇచ్చారు. ఆ ఒక్క నిబంధన 1924లోనే ఎందుకు పెట్టలేదు? దానికి జవాబు చెప్పండి.