బ్లూస్ మౌత్ ఆర్గాన్: ముందు బెండింగా, లయా?

హనుమకొండ విద్యార్థి: సి శ్రుతిలో పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ కొన్నాను. అమెరికా నల్లజాతీయుల సంగీతమైన బ్లూస్ నేర్చుకోవాలని కోరిక. స్వరాన్ని కిందికి దించే బెండింగ్‌ను మొదటి వారం నుంచే సాధన చేయమని ఒకరు, ఇప్పుడే దాని జోలికి పోవద్దని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

కరీంనగర్ శ్రోత: వెంటనే మొదలుపెట్టండి. బ్లూస్‌కు ప్రాణమే ఆ జారుడు. సి వాద్యంపై బ్లూస్‌ను ఎక్కువగా జి శ్రుతిలో వాయిస్తారు, అక్కడ పీల్చి పలికించే స్వరాలే ఆధారం. 4వ రంధ్రం పీలుస్తూ నోటి లోపల ‘ఈ’ నుంచి ‘ఊ’కు మారండి. డి స్వరం అర మెట్టు దిగుతుంది.

కాజీపేట జంక్షన్: నేను ఒప్పుకోను. ఊపిరి అదుపులోకి రాకముందే బెండింగ్ పట్టుకుంటే గట్టిగా లాగడం అలవాటవుతుంది, ఆ అలవాటు ఒక పట్టాన వదలదు. 2వ రంధ్రమే చూడండి. కొత్తవారు బలంగా పీలిస్తే స్వరానికి బదులు గాలి బుస వస్తుంది. వాద్యం పాడైందనుకుంటారు. చాలాసార్లు దానిలో లోపమేమీ ఉండదు, బిగుసుకున్నది దవడ. ఆవలింత ఆపుకుంటున్నట్టు గొంతు తెరిచి మెల్లగా పీల్చండి, అదే రంధ్రం నిండుగా పలుకుతుంది.

అందుకే ముందు రైలు లయ. 1, 2, 3 రంధ్రాలు కలిపి రెండుసార్లు పీల్చి, రెండుసార్లు ఊదండి. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలు దాటనివ్వకండి. ఛాతీలో గాలి నిండిపోతే ముక్కు ద్వారా వదలండి. అమెరికాలో డీఫోర్డ్ బెయిలీ 1927లోనే రైలు నడకను మౌత్ ఆర్గాన్‌పై పలికించి రికార్డు చేశాడు. మనకు కాజీపేట ఉండనే ఉంది. గూడ్సు బండి కదిలేటప్పుడు ప్లాట్‌ఫారంపై నిలబడి వినండి: మొదట బరువుగా, ఎడంఎడంగా, పోనుపోను దగ్గరదగ్గరగా. వేగం పెరిగినా లయ చెదరకూడదన్నది అక్కడే చెవికి ఎక్కుతుంది.

మంచిర్యాల నుంచి: ఒక్క మాట. సినిమా పాటలకు మన దగ్గర చాలామంది వాడే ట్రెమోలో రకంలో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు (గాలికి కంపించి స్వరం పలికే సన్నని రేకులు) ఉంటాయి. దానిపై బెండింగ్ సరిగా రాదు. మీది ఏ రకమో చూసుకోండి.

కరీంనగర్ శ్రోత: లయ వద్దని నేనూ అనను. కానీ జి బ్లూస్‌లో 3వ రంధ్రం పీలిస్తే వచ్చేది బి. బ్లూస్ అడిగే స్వరం దానికి కాస్త దిగువన ఉంటుంది. అక్కడ మూడు అర మెట్లు దిగవచ్చు, ఎక్కడ ఆగాలో చెవికి తెలియడానికి నెలలు పడుతుంది. ఆ నెలలను ఎందుకు వాయిదా వేయాలి?

కాజీపేట జంక్షన్: చెవి విషయంలో మీ మాటే సరి. అయితే ఆ స్వరాన్ని ముందు గొంతుతో పాడి, ఫోనులో ట్యూనర్‌తో సరిచూసుకోవచ్చు, దానికి బెండింగ్ అవసరం లేదు. తమ్ముడూ, బెండింగ్ సాధన చివర అయిదు నిమిషాలే, అదీ 4వ రంధ్రంపైనే చెయ్యి. 3వ దాని జోలికి ఇప్పుడే వెళ్లకు.

కరీంనగర్ శ్రోత: అయిదు కాదు, పది నిమిషాలు. సాధన చివర అలసిపోయాక కూడా కాదు, మొదట్లోనే.