పార్సిల్ ట్రక్కు డ్రైవర్లకు ఉద్యోగ భద్రత ఎంత?

ప్రశ్న: మా రూట్లను ఒక్కొక్కటిగా కాంట్రాక్టర్లకు అప్పగిస్తున్నందువల్ల, పర్మనెంట్ డ్రైవర్లమైన మా పని గంటలు తగ్గిపోతున్నాయి. ఇది తొలగింపునకు సూచనేనా అన్న ఆందోళన నన్ను వదలడం లేదు.

జవాబు 1: గంటల కోత ఒక్కటే రుజువు కాదు, అయితే పండుగల రద్దీలో కూడా మీ రూట్ తిరిగి రాకపోతే తేలిగ్గా తీసుకోకండి. తొలగింపులో సీనియారిటీని పాటించాలన్న నిబంధన మీ ఒప్పందంలో ఉందేమో చూడండి.

జవాబు 2: డ్రైవర్ లేని వాహనాల గురించే అందరూ భయపడుతున్నారు గానీ, మెట్లెక్కి గుమ్మం దాకా పార్సిల్ చేర్చే పని ఇప్పటికీ మనిషిదే కనుక, నా దృష్టిలో అసలు ముప్పు సబ్‌కాంట్రాక్టే. 1997లో అమెరికాలో యూపీఎస్ అనే పార్సిల్ కంపెనీ కార్మికులు 15 రోజులు సమ్మె చేసి, 10,000 ఫుల్‌టైమ్ ఉద్యోగాల హామీ సాధించారు.

ప్రశ్న అడిగినవారు: ఒప్పందంలో సీనియారిటీ నిబంధన ఉంది, కానీ సబ్‌కాంట్రాక్టుపై ఒక్క మాటా లేదు. యూనియన్ సమావేశంలో దీనినే లేవనెత్తుతాను.