సుప్రీంకోర్టు కేసు కొట్టివేశాక కూడా గర్భస్రావ మాత్ర ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న (డాలస్ నుంచి)

నమస్కారమండి. గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్ మాత్రపై వేసిన కేసును అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో ఏకగ్రీవంగా కొట్టివేసిందని చదివాను. మరి మేముండే టెక్సాస్‌లో ఆ మాత్ర ఎందుకు దొరకడం లేదు? పెళ్లయిన ఆడపిల్లలున్న ఇల్లు మాది. ఆ తీర్పు అసలేం చెప్పిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

మీరు చదివింది నిజమే కానీ, ఆ తీర్పు మాత్ర మంచిచెడ్డల జోలికే వెళ్లలేదండి. 2000లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతించిన ఈ మందును గర్భం పదో వారం వరకు వాడవచ్చని 2016లోనూ, క్లినిక్‌కు వెళ్లకుండానే పోస్టులో తెప్పించుకోవచ్చని 2021లోనూ నిబంధనలు సడలించారు. ఇవేవీ చెల్లవంటూ కొందరు వైద్యులు, వారి సంఘాలు టెక్సాస్‌లోని అమరిల్లోలో దావా వేస్తే, 2023 ఏప్రిల్ 7న న్యాయమూర్తి కాజ్‌మారిక్ ఏకంగా 2000 నాటి అనుమతినే నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. రెండు వారాల్లోపే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు అమలును ఆపింది. మరుసటి ఏడాది జస్టిస్ కావనా రాసిన తుది తీర్పు సారాంశం ఒక్కటే: ఈ వైద్యులు ఆ మందును రాసివ్వరు, వాడరు, దానివల్ల వారికి కలిగిన నష్టమంటూ లేదు కనుక దావా వేసే అర్హత వారికి లేదు. సడలింపులు సబబా కాదా అన్నది తేలలేదు కాబట్టే మిస్సోరి, కాన్సస్, ఐడహో రాష్ట్రాలు అదే వాదనను మళ్లీ అందుకున్నాయి.

గర్భస్రావంపై టెక్సాస్ రాష్ట్రం పెట్టిన నిషేధం దీనికి పూర్తిగా వేరు. 2022 జూన్‌లో డాబ్స్ అనే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గర్భస్రావం సంగతిని రాష్ట్రాలకు వదిలేసింది. ఎఫ్‌డీఏ అనుమతి చెక్కుచెదరకపోయినా రాష్ట్ర చట్టం ఆ మాత్రను అందనివ్వడం లేదు.

జవాబు 2

ఇప్పుడు అసలు పోరు రాష్ట్రాల మధ్యే నడుస్తోంది. టెక్సాస్ మహిళకు మాత్రలు పంపారంటూ న్యూయార్క్ వైద్యురాలిపై టెక్సాస్ అటార్నీ జనరల్ 2024 డిసెంబరులో దావా వేశారు. టెక్సాస్ కోర్టు లక్ష డాలర్లకు పైగా జరిమానా వేసినా, తమ వైద్యులకు రక్షణ కల్పించే న్యూయార్క్ చట్టం ఉండడంతో అది వసూలు కాలేదు. లూసియానా రాష్ట్రం క్రిమినల్ కేసు పెట్టి అదే వైద్యురాలిని అప్పగించమంటే న్యూయార్క్ గవర్నరు ససేమిరా అన్నారు.

జవాబు 3

ఫార్మసీలో పనిచేసేవాడిగా నా బాధ వేరు. మిఫెప్రిస్టోన్ తర్వాత వేసుకునే మిసోప్రొస్టాల్ కాన్పయ్యాక ఆగని రక్తస్రావానికి కూడా వాడే మందు. 2024 అక్టోబరు నుంచి లూసియానా ఈ రెండింటినీ నియంత్రిత మందుల జాబితాలో చేర్చడంతో, కాన్పు గదిలో చేతికందేలా ఉంచుకున్న మాత్రలను ఆసుపత్రులు తాళం వేసిన అరల్లోకి మార్చాల్సి వచ్చింది. రక్తం ధారగా పోతున్నప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే.

డాలస్ నుంచి అడిగినవారికి ఒక మాట: టెక్సాస్ నిషేధ చట్టం కింద గర్భిణిపై కేసు పెట్టడానికి వీల్లేదు. గర్భం దానంతటదే పోయినప్పుడు చేసే చికిత్స ఆ చట్టం దృష్టిలో గర్భస్రావం కిందకు రాదు. మీ పిల్లలకు అలాంటి పరిస్థితి వస్తే, భయపడి ఇంట్లో ఆగిపోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లమని చెప్పండి.