‘క్రిస్మస్ తాత’ అనే మాట తెలుగులో ఎప్పటి నుంచి ఉంది?

సండే స్కూల్ పిల్లలకు పేర్ల పుట్టుక చెబుతూ ఇక్కడ ఇరుక్కుపోయాను. శాంటాక్లాజ్ వరకు ఇబ్బంది లేదు: 4వ శతాబ్దంలో మైరా (ఇప్పటి టర్కీలో ఉంది) బిషప్ సెయింట్ నికొలస్, ఆయన పండుగ డిసెంబరు 6, డచ్చివాళ్ల నోట సింటర్‌క్లాస్, అమెరికాలో శాంటాక్లాజ్. కానీ ఇంగ్లిషువాళ్ల ‘ఫాదర్ క్రిస్మస్’ మన దగ్గర తండ్రి కాకుండా తాత ఎలా అయ్యాడు? తెల్లగడ్డం వల్లేనంటే పిల్లలు ఊరుకోవడం లేదు. తమిళంలోనూ తాత్తానే, మలయాళంలో అప్పూప్పన్, అంటే అదీ తాతే. బ్రౌన్ నిఘంటువులో వెతికాను, లేదు. పాస్టర్‌గారినీ, ఎనభై దాటిన మా అమ్మమ్మనూ అడిగితే ‘మా చిన్నప్పటి నుంచీ అంతే’ అన్నారు.

1950కి ముందు అచ్చయిన తెలుగు పత్రికలోగానీ పుస్తకంలోగానీ ఈ మాట ఎవరైనా చూశారా?